ఒక కోకో బస్తాతో పరాధీనతా సిద్ధాంతాన్ని పరీక్షించడం ఎలా?

పేద దేశాలు పేదగానే ఎందుకు మిగిలాయి అంటే "ధనిక దేశాలు దోచుకున్నాయి" అంటారు ఒకరు. "అక్కడి పాలకులే తినేశారు" అంటారు ఇంకొకరు. టీకొట్టు దగ్గర రెండూ చెల్లుతాయి. కాగితం మీద పెట్టాలంటే చాలవు. నిజానికి పేద దేశాల వెనుకబాటుకు ధనిక దేశాల మీద ఆధారపడటమే మూలమనే పరాధీనతా సిద్ధాంతం నినాదాల్లోంచి కాదు, ధరల పట్టికల్లోంచి పుట్టింది. కాబట్టి లెక్క వేసి దాని నిగ్గు తేల్చవచ్చు. ఆ లెక్క ఎలా వేయాలో, ఎక్కడ తప్పుతుందో చెప్పడమే ఇక్కడి పని.

ఉదాహరణకు పశ్చిమ ఆఫ్రికా దేశమైన ఘానా కోకోను, అంటే చాక్లెట్ చేసే గింజల పంటను, తీసుకుందాం. వలస పాలన, మార్కెటింగ్ బోర్డు, జాతీయవాద ప్రభుత్వం, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) షరతులు, రాబోయే నెలల సరుకుకు ఇప్పుడే ధర కట్టే ఫ్యూచర్స్ మార్కెట్ అన్నీ ఒకే పంట చుట్టూ తిరిగిన దేశం అది. కావలసిన సామగ్రి తక్కువే: ఒక స్ప్రెడ్‌షీట్, ప్రపంచ బ్యాంకు నెలనెలా ఇచ్చే సరుకుల ధరల పట్టిక (దాన్ని పింక్ షీట్ అంటారు), ఐక్యరాజ్యసమితి వారి కామ్‌ట్రేడ్ వర్తక గణాంకాలు, బ్యాంక్ ఆఫ్ ఘానా విదేశీ చెల్లింపుల పట్టికలు, అక్కడి ప్రభుత్వ కోకో బోర్డు ఏటా ప్రకటించే రైతు ధర.

ముందు ఏ వాదనో తేల్చుకోండి

ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు. "పరాధీనతా సిద్ధాంతం" అనే ఒకే పేరు కింద కనీసం మూడు వేర్వేరు వాదనలున్నాయి. ఒకదానికి కావలసిన సాక్ష్యం మరొకదానికి పనికిరాదు.

మొదటిది ధరల వాదన. అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్, జర్మనీలో పుట్టిన ఆర్థికవేత్త హన్స్ సింగర్ విడివిడిగా 1949–50 ప్రాంతంలో చెప్పిన మాట ఇది: ముడిసరుకులు అమ్మి యంత్రాలు కొనే దేశానికి కాలం గడిచేకొద్దీ బేరం చెడిపోతుంది. ఎందుకంటే ఆదాయం పెరిగినంతగా తిండి సరుకుల వాడకం పెరగదు. పైగా ఉత్పాదకత పెరిగినప్పుడు పారిశ్రామిక దేశాల్లో ఆ లాభం జీతాలుగా, లాభాలుగా అక్కడే నిలుస్తుంది. ముడిసరుకు దేశాల్లో ధర తగ్గింపుగా కొనేవాడి చేతికి పోతుంది.

రెండోది మిగులు తరలింపు వాదన. ఆర్థికవేత్త ఆండ్రే గుండర్ ఫ్రాంక్ 1960ల్లో దీన్ని పదునుగా చెప్పాడు. పల్లె మిగులును పట్నం, పట్నం మిగులును రాజధాని, రాజధాని మిగులును విదేశీ కేంద్రం లాగేసుకునే గొలుసు ఉందనీ, వెనుకబాటు ఆ గొలుసులోనే తయారవుతుందనీ అతని వాదన. దాదాభాయ్ నౌరోజీ సంపద తరలింపు సిద్ధాంతం చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఫ్రాంక్ పరీక్షకు నిలిచే మాట కూడా ఒకటి అన్నాడు: యుద్ధాలప్పుడు, 1930ల మాంద్యంలో కేంద్రంతో సంబంధం సడలినప్పుడే లాటిన్ అమెరికాలో పరిశ్రమలు లేచాయని.

మూడోది లోపలి పొత్తుల వాదన. సామాజిక శాస్త్రవేత్తలు ఫెర్నాండో ఎన్రికే కార్డోసో, ఎంజో ఫలెట్టో 1969లో చెప్పింది: బయటి ఒత్తిడి ఒక్కటే ఏమీ చేయదు, లోపలి ఏ వర్గం దానితో చేతులు కలిపిందో చూడాలి; పరాధీనంగా ఉంటూనే ఒక దేశం పరిశ్రమల్లో ఎదగవచ్చు కూడా. ఈ కార్డోసోయే తరవాత 1995 నుంచి 2002 దాకా బ్రెజిల్ అధ్యక్షుడయ్యాడు. ఆయన విధానాలు తన పుస్తకానికి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది వేరే వ్యాసం.

మీరు పరీక్షించే వాదనను ఒక్క వాక్యంలో రాసి స్ప్రెడ్‌షీట్ మొదటి గడిలో పెట్టండి. ఏ అంకె వస్తే ఆ వాదన ఓడినట్టో దాని కిందే రాయండి. ఆ రెండో వాక్యం రాయలేకపోతే మీ దగ్గర ఉన్నది సిద్ధాంతం కాదు, అభిప్రాయం.

ధరల బేరం లెక్క

పాఠ్యపుస్తకాలు దీన్ని వర్తక నిబంధనలు అంటాయి. ఎగుమతి ధరల సూచీని దిగుమతి ధరల సూచీతో భాగించి 100తో గుణించడమే. సూత్రం సులువే గాని అది ఒక్కటే చాలదు, మూడు మెట్లు ఎక్కాలి.

ఊహా అంకెలతో చూద్దాం. మొదటి ఏడాది అన్నీ 100. కొన్నేళ్లకు ఎగుమతి ధర 120, దిగుమతి ధర 150 అయ్యాయి. 120ని 150తో భాగిస్తే 80. అంటే ఒక బస్తా కోకోకు ఒకప్పుడు వచ్చిన సరుకులో 80 శాతమే ఇప్పుడు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి "చూశారా, దోపిడీ" అనేస్తారు. ఈలోగా ఎగుమతి పరిమాణం 140 అయ్యిందనుకోండి. 80ని 1.40తో గుణిస్తే 112. బస్తా విలువ తగ్గినా దేశం మొత్తంగా ఎక్కువే కొనగలుగుతోంది. దీన్ని ఆదాయ వర్తక నిబంధనలంటారు. మూడో మెట్టు జనాభా: అది 130 అయితే 112ని 1.30తో భాగించాలి, 86 వస్తుంది. తలసరి చూస్తే నష్టమే. ఒకే దేశం, ఒకే కాలం. జవాబు 80, 112, 86. ఏది ఏ ప్రశ్నకు జవాబో చెప్పకుండా ఒక్కటే చూపించడం మోసం కాకపోయినా మోసానికి చుట్టమే.

ఘానాకు ఈ లెక్క వేసేటప్పుడు నాలుగు చోట్ల పొరపాట్లు జరుగుతాయి.

ఆధార సంవత్సరం సంగతి ముందు చూడండి. 1977లో కోకో ధర ఆకాశాన్నంటింది, 2024లోనూ అంతే. 1977ను 100గా పెట్టుకుంటే తరవాత అంతా పతనంగానే కనిపిస్తుంది. 2000 ప్రాంతంతో మొదలుపెట్టి 2024లో ఆపితే ప్రెబిష్ పూర్తిగా తప్పని తేలుతుంది. ఒకే సంవత్సరం కాకుండా అయిదేళ్ల సగటును ఆధారంగా పెట్టండి. కనీసం మూడు వేర్వేరు ఆధారాలతో చేసి చూడండి. జవాబు దిశ మారిపోతుంటే ఆ మాట దాచకుండా రాయండి.

రెండోది రవాణా ఖర్చు. ఎగుమతి ధరను ఎఫ్‌ఓబీగా, అంటే ఓడకెక్కించే దాకా అయిన ధరగా రాస్తారు. దిగుమతిని సీఐఎఫ్‌గా, అంటే ఓడ కిరాయి, బీమా కలిపి రాస్తారు. ప్రెబిష్ వాడిన బ్రిటన్ లెక్కల్లో ముడిసరుకుల బేరం 1876–80 నాటి 100 నుంచి 1936–38 నాటికి సుమారు 64కు దిగింది. ఆ అంకె మీద వచ్చిన గట్టి విమర్శ ఇదే: బ్రిటన్ దిగుమతుల ధరలో ఓడ కిరాయి కలిసి ఉంది, ఆవిరి ఓడలొచ్చాక కిరాయిలు పడిపోయాయి, కాబట్టి తగ్గిన ధరలో కొంత అసలు సరుకుది కాదు. అయినా వాదన చావలేదు. 1988లో గ్రిల్లి, యాంగ్ అనే ఇద్దరు 1900–86 మధ్య ధరలను మళ్లీ కూర్చి చూస్తే, ముడిసరుకుల బేరం ఏటా సుమారు అర శాతం చొప్పున తగ్గినట్టు తేలింది. అర శాతం చిన్నదే. కాని ఎనభై అయిదేళ్లలో మూడో వంతు కరిగిపోతుంది.

మూడోది నాణ్యత. 1970 నాటి లారీ, నేటి లారీ ఒకటి కాదు. ధర పెరుగుదలలో కొంత నాణ్యతకు పోతుంది. కోకో గింజ మాత్రం గింజే. దీన్ని సరిదిద్దడానికి సులువైన దారి లేదు, లోపం ఉందని ఒప్పుకుని ముందుకు పోవాలి.

నాలుగోది మామూలు గుమస్తా పొరపాటు: లండన్ కోకో ధర టన్నుకు పౌండ్లలో, న్యూయార్క్ ధర డాలర్లలో ఉంటుంది. కోకో సంవత్సరం అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకా లెక్కిస్తారు, వర్తక గణాంకాలు జనవరి నుంచి డిసెంబరు దాకా. కలిపేసుకోకండి.

బస్తా విప్పడం: ఎవరి వాటా ఎంత?

ఈ పనికి గుండెకాయ ఇది. ధర బయట ఎలా ఉందో చూశాక, లోపల దాన్ని ఎవరు పంచుకున్నారో చూడాలి. ఫ్రాంక్ గెలుస్తాడో కార్డోసో గెలుస్తాడో ఇక్కడ తెలుస్తుంది.

పాత లెక్కతో మొదలుపెట్టండి. అప్పటి గోల్డ్ కోస్ట్‌లో (ఘానా పాత పేరు) యూరోపియన్ కొనుగోలు కంపెనీలు కూడబలుక్కుని ధర కట్టడి చేస్తే, 1937 చివర్లో రైతులు నెలల తరబడి కోకో అమ్మడం ఆపేశారు. యుద్ధం తరవాత, 1947లో, బ్రిటిష్ ప్రభుత్వం మార్కెటింగ్ బోర్డు పెట్టింది. ధర బాగున్నప్పుడు కొంత ఆపి, పడిపోయినప్పుడు రైతుకిస్తామన్నారు. ఆపిన సొమ్ము లండన్‌లో స్టెర్లింగ్ బాండ్లలో తక్కువ వడ్డీకి నిలవ ఉండేది. పేద రైతు ధనిక దేశానికి అప్పిచ్చినట్టు. ఫ్రాంక్ గొలుసుకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఇప్పుడు 1954కు రండి. కొలోనీ ఇంకా స్వతంత్రం కాలేదు గాని ఇంటి పాలన జాతీయవాద నాయకుడు క్వామే ఎన్‌క్రుమా చేతిలో ఉంది. ఆ ప్రభుత్వం 60 పౌండ్ల బరువున్న మోతకు 72 షిల్లింగుల ధరను నాలుగేళ్లపాటు కట్టేసింది. దాన్ని టన్నుకు మార్చండి: పాత బ్రిటిష్ టన్ను 2,240 పౌండ్లు, అంటే 37.3 మోతలు. 72 షిల్లింగులంటే 3.6 స్టెర్లింగ్ పౌండ్లు. గుణిస్తే టన్నుకు సుమారు 134 పౌండ్లు. ఆ ఏడాది ప్రపంచ ధర దానికి రెండింతలు దాటింది. మిగతా సొమ్ము అభివృద్ధి నిధికి పోయింది. అషాంటి ప్రాంతంలో నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్ ఆ కోపంలోంచే లేచింది. లాగేసిన చెయ్యి లండన్‌ది కాదు, ఘానా రాజధాని అక్రాది.

ఇంకా ముందుకు పోతే అసలు మెలిక మారకం రేటులో కనిపిస్తుంది. 1978 నుంచి 1983 దాకా సర్కారీ రేటు డాలరుకు 2.75 సెడీలు (సెడీ ఘానా కరెన్సీ). నల్లబజారులో దానికి ఎన్నో రెట్లు. రైతుకు సర్కారీ రేటు ప్రకారం సెడీలు చేతికొచ్చేవి, బజారులో సబ్బు కొంటే నల్లబజారు ధర. పన్ను అని పేరు పెట్టకుండా వేసిన పన్ను అది. సరిహద్దు అవతల ఐవరీ కోస్ట్‌లో మంచి ధర ఉండటంతో బస్తాలు రాత్రిళ్లు అటు పోయాయి. 1964–65లో 5.5 లక్షల టన్నులు దాటిన పంట 1983–84 నాటికి 1.6 లక్షల టన్నుల దగ్గరికి పడింది. అందులో 1983 కరువు, కార్చిచ్చుల పాత్రా ఉంది. అందుకే ఆ ఒక్క ఏడాది అంకెతో వాదన కట్టకండి. 1970ల పొడుగునా ఉన్న దిగుడు చూపించండి.

2024 నాటి బస్తా లెక్క. ఘానాలో రైతు బస్తా గోనెతో కలిపి 64 కిలోలు, గింజలు 62.5 కిలోలు. 16 బస్తాలు ఒక మెట్రిక్ టన్ను. 2024 సెప్టెంబరులో ప్రకటించిన రైతు ధర టన్నుకు 48,000 సెడీలు, బస్తాకు 3,000. అప్పటి మారకంలో సుమారు 3,000 డాలర్లు. న్యూయార్క్‌లో టన్ను ధర అప్పుడు 7,000 డాలర్ల పైమాటే. భాగిస్తే రైతు వాటా 40 శాతం చుట్టుపక్కల. కాని ఎఫ్‌ఓబీలో 70 శాతం రైతుకు అన్నది అక్కడి ప్రభుత్వాలు చెప్పుకునే లక్ష్యం. ఎవరు అబద్ధమాడుతున్నారు?

ఎవరూ కాదు, హారం వేరు. కోకో బోర్డు పంటలో పెద్ద భాగాన్ని నెలల ముందే ఒప్పందాల మీద అమ్మేస్తుంది. ఆ కాగితాలు చూపించి విదేశీ బ్యాంకుల దగ్గర పంట కొనుగోలుకు అప్పు తెచ్చుకునే పద్ధతి 1990ల నుంచి నడిచింది. ధర పడిపోయే ఏడు ఇది రైతును కాపాడుతుంది. 2024 లాంటి ఏడు నిలువునా ముంచుతుంది: మార్కెట్ ధర మూడింతలైనా, వచ్చేది పాత ఒప్పందం ధరే. కాబట్టి రెండు వాటాలూ రాయండి. బోర్డుకు నిజంగా దక్కిన సగటు ధరలో రైతు వాటా లోపలి పంపకాన్ని చెబుతుంది. ఆనాటి మార్కెట్ ధరలో రైతు వాటా, పెట్టుబడి లేనివాడు ముందే అమ్ముకోవాల్సి రావడం ఎంత ఖరీదో చెబుతుంది. రెండోదే అసలైన పరాధీనత లెక్క అని మా అంచనా.

చాక్లెట్ ధరలో రైతుకు దక్కేది ఆరేడు శాతమే అన్న అంకె తరచూ కనిపిస్తుంది. వాడండి, కాని ఆ చాక్లెట్‌లో పాలు, చక్కెర, రేపరు, దుకాణం కిరాయి, అమ్మకం పన్ను కూడా ఉన్నాయని మరవకండి. ఇంతకంటే నిఖార్సైన పోలిక కావాలంటే గింజను దాని తరవాతి మెట్టుతోనే పోల్చాలి. అంతర్జాతీయ కోకో సంస్థ మార్పిడి గుణకాల ప్రకారం ఒక టన్ను కోకో ముద్దకు 1.25 టన్నుల గింజలు కావాలి, అంటే టన్ను గింజలకు 800 కిలోల ముద్ద. 800 కిలోల ముద్ద ధరలోంచి టన్ను గింజల ధర తీసేస్తే మిగిలేదే పిండి ఆడించినందుకు వచ్చే అదనం. చాలా ఏళ్లు అది ఆశ్చర్యపోయేంత సన్నగా ఉంటుంది. "గింజలు అమ్మకండి, ముద్ద చేసి అమ్మండి" అనే సలహా ఇచ్చే ముందు ఈ తీసివేత చేసి చూసుకోవాలి. లాభం ముద్దలో లేదు, బ్రాండులోనూ దుకాణం అరలోనూ ఉంది.

ఎగుమతుల బుట్ట, తెగిన కొలికి

ఒకే సరుకు మీద ఎంత ఆధారపడ్డారో కొలవడానికి హెర్ఫిండాల్ సూచీ వాడతారు. ఒక్కో సరుకు వాటాను దశాంశంగా రాసి, వర్గం చేసి, కూడాలి. వాటాలు 0.40, 0.30, 0.15, మిగతా పదిహేను సరుకులు 0.01 చొప్పున ఉంటే: 0.16, 0.09, 0.0225, 0.0015 కలిపి 0.274. ఒకే సరుకు 0.80 ఉంటే అదొక్కటే 0.64 తెస్తుంది.

ఘానాకు ఇది వేస్తే పాత రోజుల కంటే బాగున్నట్టు కనిపిస్తుంది. 2010 చివర్లో చమురు మొదలైంది, బంగారం కోకోను దాటిపోయింది. మూడు కాళ్ల పీటే, కాని మూడు కాళ్లూ ముడిసరుకువే. కాబట్టి పక్కనే ఇంకో గడి పెట్టండి: మొత్తం సరుకుల ఎగుమతుల్లో ముడిసరుకుల వాటా. అది 60 శాతం దాటితే ఆ దేశం సరుకుల మీద ఆధారపడిందని అంక్టాడ్ (ఐక్యరాజ్యసమితి వర్తక, అభివృద్ధి సంస్థ) లెక్క. చమురు ధర పెరిగిన ఏడు చమురు వాటా దానంతటదే పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. టన్నులు, పీపాలు మారకపోయినా సూచీ ఊగుతుంది.

ఎగుమతి సరుకు చుట్టూ ఊళ్లో ఇంకేం పని పుట్టిందో అంకెలతో పట్టుకోవడం కష్టం, ఒప్పందాలు చదవాలి. ఘానాలోని అకొసొంబో ఆనకట్ట, టెమా అల్యూమినియం కర్మాగారం దీనికి పాఠం. కరెంటులో పెద్ద భాగం అమెరికన్ కంపెనీల కర్మాగారానికి యూనిట్ 2.625 మిల్లులకు, అంటే డాలరులో వెయ్యో వంతుల్లో రెండున్నర చిల్లరకు, దీర్ఘకాల ఒప్పందం మీద ఇచ్చారు. ఘానాలో బాక్సైట్ ఉంది. అయినా కర్మాగారం బాక్సైట్‌ను శుద్ధి చేస్తే వచ్చే అల్యూమినాను బయటినుంచి తెచ్చుకుంది. గని ఒకచోట, కరెంటు ఒకచోట, మధ్య మెట్టు సముద్రం అవతల. 1980ల మధ్యలో ధర తిరిగి బేరమాడారు. అప్పటికి చౌక కరెంటు పోయింది పోయినట్టే.

బయటికి పోయే సొమ్ము

విదేశీ చెల్లింపుల పట్టికలో ప్రాథమిక ఆదాయం అనే వరుస వెతకండి. వడ్డీలు, లాభాలు అందులో బయటికి పోతాయి. జీడీపీకీ స్థూల జాతీయ ఆదాయానికీ తేడా చూస్తే అదే సంగతి ఒక్క అంకెలో తెలుస్తుంది. కాని తేడా పెద్దగా ఉంటే దేశం పరాధీనం అని తేల్చేయకండి. ఐర్లండ్‌లో ఆ తేడా భారీగా ఉంది, విదేశీ కంపెనీల లాభాల వల్ల. ఐర్లండ్ పేద దేశం కాదు. లాభం పోవడం కాదు, పోయాక జీతాలుగా, పన్నులుగా, నేర్చిన పనిగా ఏం మిగిలింది అన్నదే ప్రశ్న.

దొంగ బిల్లుల లెక్కలతో ఇంకా జాగ్రత్త. ఎగుమతిదారు రాసిన విలువను దిగుమతిదారు రాసినదాంతో పోల్చి, తేడా అంతా దొంగసొమ్మేనని రాసేస్తుంటారు. జాంబియా రాగి ఏళ్ల తరబడి స్విట్జర్లాండ్‌కు వెళ్లినట్టు కాగితాల మీద ఉండేది. రాగి అక్కడ దిగలేదు, కొన్న వ్యాపార సంస్థల చిరునామాలు అక్కడున్నాయి. 2016లో అంక్టాడ్ నివేదిక ఒకటి ఇలాంటి పోలికలు చేసి, దక్షిణాఫ్రికా బంగారం విషయంలో గట్టి విమర్శలే ఎదుర్కొంది. సీఐఎఫ్ తేడా, రవాణా మలుపులు, చిరునామాల గొడవ తీసేశాక మిగిలినదాన్నే అనుమానించండి.

ఎదురు ఉదాహరణలు పెట్టకుండా ముగించకండి

రెండు దేశాలు తప్పనిసరి. దక్షిణ కొరియా 1950ల్లో ఘానా స్థాయి ఆదాయంతో, అమెరికా సాయం మీద నడిచిన దేశం. ఉక్కు కర్మాగారానికి పాశ్చాత్య అప్పు దొరకకపోతే, 1965 ఒప్పందం కింద జపాన్ చెల్లించిన సొమ్మును పోహాంగ్ ఊళ్లో పెట్టిన కర్మాగారానికి మళ్లించి 1973లో ఉక్కు తీసింది. సంబంధం తెగలేదు, షరతులు మారాయి. ఫ్రాంక్‌కు ఇది ఇబ్బంది, కార్డోసోకు కాదు. రెండోది బోట్స్వానా. ఒకే సరుకు, వజ్రాలు. హెర్ఫిండాల్ సూచీ భయంకరం. అయినా విదేశీ కంపెనీతో సగం సగం వాటా సాధించి దశాబ్దాలపాటు ఎదిగింది. వజ్రాల గిరాకీ తగ్గగానే ఇబ్బంది పడుతోంది కూడా. ఆ రెండో వాక్యం వదిలేసి మొదటిదే రాసేవాళ్లు ఎక్కువ.

ఘానా వరకు తీర్పు రాయాలంటే కాలాన్ని ముక్కలు చేయండి. స్వాతంత్ర్యం వచ్చిన 1957కు ముందు ఒక ముక్క, 1983 దాకా ఒకటి, ఆ ఏడాది మొదలైన ఐఎంఎఫ్ సంస్కరణల నుంచి ఒకటి, 2022 డిసెంబరులో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసిన తరవాత మరొకటి. ప్రతి ముక్కకీ మూడు గడులు: బయటి ధర ఎటు పోయింది, రైతు వాటా ఎంత, మధ్యలో ఆగిన సొమ్ము ఎవరి దగ్గర ఆగింది. ధర ఒక్కటే పడితే ప్రెబిష్, సొమ్ము విదేశంలో ఆగితే ఫ్రాంక్, అక్రాలో ఆగితే కార్డోసో. నాలుగు ముక్కలకూ ఒకే పేరు వస్తే అంకెలు మళ్లీ చూసుకోండి.

2019లో ఘానా, ఐవరీ కోస్ట్ కలిసి టన్నుకు 400 డాలర్ల అదనపు ధర ప్రకటించిన ఘట్టాన్ని విడిగా పరీక్షించండి. అప్పట్లో ప్రపంచ కోకోలో సుమారు 60 శాతం ఈ రెండు దేశాలదే. చమురు దేశాల్లా ధర శాసించగలగాలి. అదనం బిల్లులో చేరింది, కాని కొనేవాళ్లు దేశానికింత అని ఇచ్చే నాణ్యత ప్రీమియాన్ని తగ్గించి కొంత వెనక్కి లాక్కున్నారు. కాబట్టి 400 డాలర్లను నేరుగా కలపకండి. ప్రీమియంతో కలిపిన నికర ధర చూడండి. చమురును భూమిలో ఆపుకోవచ్చు, కోకో చెట్టు మీద కాయ ఆగదు, గోదాములో గింజ ఎంతోకాలం నిలవదు.

చేయి తిరగాలంటే ఇదే లెక్కను పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో కొబ్బరి తోటల మధ్య పండే కోకోకు వేసి చూడండి. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. 2024లో ఎండు గింజల ధర కిలోకు వెయ్యి రూపాయల దాకా పోయి, మరుసటి ఏడాది సగానికి పడింది. ఘానాలో పంట దెబ్బతిన్న వార్త పోలవరం కాలువ గట్టు దాకా వచ్చిందన్నమాట. న్యూయార్క్ ధరను టన్ను నుంచి కిలోకు, డాలరు నుంచి రూపాయికి మార్చి, వారం వారం ఊళ్లో ధర పక్కన రాయండి. పెరిగేటప్పుడు ఊరి ధర ఎన్ని రోజులకు కదిలింది, తగ్గేటప్పుడు ఎన్ని రోజులకు కదిలింది అన్న రెండు అంకెలు వేరువేరుగా తీయండి.